ఆచారం పేరిట మాట్లాడేదెవరు?

సంపాదక మహాశయులకు,

నమస్కారం. మానవ హక్కుల దినోత్సవం నాడు మీ సంపాదకీయ పుటలో వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. సార్వత్రిక మానవ హక్కులన్నవి పాశ్చాత్యులు తమ చరిత్రలోంచి తీసి లోకం మీద రుద్దిన కొలబద్దలనీ, కుటుంబమూ కులమూ ఊరూ పెనవేసుకుని బతికే మన సమాజాలకు అవి అతకవనీ, ఏ సంస్కృతి మంచిచెడ్డలనైనా ఆ సంస్కృతి విలువలతోనే తూచాలనీ వ్యాసకర్త వాదించారు. ఆ వాదనలో కొట్టిపారేయలేని భాగం ఒకటుంది. దాన్ని ఒప్పుకుంటూనే, మిగతా భాగం ఎవరికి ఉపయోగపడుతోందో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. నా వాదన ఒక్కటే: ఒక ఆచారాన్ని 'ఇది మా సంస్కృతి' అని ఎవరైనా సమర్థించినప్పుడు, ఆ ఆచారం ఎవరి ఒంటి మీద అమలవుతోందో వారికి కాదనే వీలుందా అని అడగాలి. ఆ వీలు లేనిచోట మాట్లాడుతున్నది సంస్కృతి కాదు, దాని పేరిట మరెవరో.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. ఏ సంస్కృతినైనా దాని విలువలతోనే తూచాలనే ఈ వాదానికి, అంటే సాంస్కృతిక సాపేక్షవాదానికి, గౌరవప్రదమైన పూర్వచరిత్రే ఉంది. తెల్లవారు పైమెట్టున, మిగతా జాతులు కింది మెట్ల మీద ఉన్నాయన్న నిచ్చెన సిద్ధాంతాన్ని ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఎదిరించినవాడు మానవశాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ బోయాస్. ఆయన శిష్యుడు మెల్విల్ హెర్స్కోవిట్స్ ప్రధానంగా రాసిన ఒక ప్రకటనను అమెరికన్ మానవశాస్త్రజ్ఞుల సంఘం 1947లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల సంఘానికి పంపింది. పశ్చిమ యూరప్, అమెరికా విలువలే ప్రాతిపదికగా హక్కుల పత్రం తయారైతే అది ప్రపంచానికంతటికీ ఎలా వర్తిస్తుందని ఆ ప్రకటన ప్రశ్నించింది. నాగరికత నేర్పుతామన్న సాకుతో దేశాలకు దేశాలనే దోచుకున్న వలసపాలన ఇంకా బతికే ఉన్న రోజులవి. ఆ అనుమానం న్యాయమైనదే. అదే సంఘం 1999లో మరో ప్రకటన చేసి, మానవ హక్కుల పక్షాన నిలబడిందన్న సంగతి మాత్రం సాపేక్షవాదాన్ని ఉటంకించేవారు సాధారణంగా చెప్పరు.

పరాయివారి విమర్శ ఎంత విషపూరితంగా ఉండగలదో మన దేశానికి బాగా తెలుసు. 1927లో క్యాథరిన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి మన బాల్యవివాహాలనూ ప్రసూతి మరణాలనూ ఏకరువు పెడుతూ ఒక పుస్తకం రాసి, ఇలాంటి జనం స్వపరిపాలనకు తగరన్న భావాన్ని లోకంలో నాటింది. గాంధీజీ ఆ పుస్తకాన్ని మురుగుకాలవల ఇన్‌స్పెక్టర్ నివేదిక అన్నారు. అయితే ఆ సమయంలో మన మహిళా సంఘాలు చేసిన పనిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. వారు ఒక చేత్తో మేయో పుస్తకాన్ని తిరస్కరించారు. రెండో చేత్తో హరవిలాస్ శారదా ప్రవేశపెట్టిన బాల్యవివాహ నిరోధక బిల్లును నెగ్గించేందుకు ఊరూరా సభలు పెట్టి, శాసనసభ్యుల వెంటపడ్డారు. 1929లో చట్టమై, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ల కనీస వయసు పెట్టింది. పరాయి పెత్తనాన్ని కాదనడానికి ఇంట్లో జరిగే అన్యాయాన్ని వెనకేసుకు రానక్కర్లేదని, పెద్ద సిద్ధాంతాలేవీ చెప్పకుండానే వారు రుజువు చేశారు.

ఇక 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన పాశ్చాత్యుల సొత్తన్న మాట. ఆ ప్రకటన మొదటి అధికరణంలో 'పురుషులందరూ' అని అర్థమిచ్చే ఆంగ్ల పదాన్ని తీయించి 'మానవులందరూ' అని రాయించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. ముసాయిదా సంఘంలో చైనాకు చెందిన పి.సి. చాంగ్, లెబనాన్‌కు చెందిన చార్లెస్ మాలిక్, చిలీకి చెందిన హెర్నాన్ శాంతా క్రూజ్ కేవలం సంతకాలు పెట్టడానికి కూర్చున్నవారు కారు. హక్కుల మూలం దేవుడా, ప్రకృతా అన్న పాశ్చాత్య వివాదాన్ని పత్రంలోకి రానివ్వకూడదని పట్టుబట్టినవారిలో చాంగ్ ముఖ్యుడు. వివాహానికి ఇద్దరి సమ్మతీ ఉండాలన్న అధికరణాన్ని పాకిస్తాన్ ప్రతినిధి బేగం షాయిస్తా ఇక్రాముల్లా బాల్యవివాహాలను దృష్టిలో పెట్టుకునే బలపరిచారు. అప్పటికి సమితిలో ఉన్న 58 దేశాల్లో 48 అనుకూలంగా ఓటేశాయి, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు, ఎనిమిది దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. ఆ ఎనిమిదిలో ఆరు సోవియట్ యూనియన్, తూర్పు యూరప్ దేశాలు, ఒకటి సౌదీ అరేబియా, ఒకటి దక్షిణాఫ్రికా. ఈజిప్టు, ఇరాన్, సిరియా, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ అనుకూలంగానే ఓటేశాయి. ఆఫ్రికాలో అత్యధిక భాగం, ఆసియాలో కొంత భాగం అప్పటికి స్వతంత్రం కాలేదన్నది నిజమే. కానీ ఆ వలసరాజ్యాల యజమానులు హక్కుల పట్ల ఎలా ప్రవర్తించారో చూస్తే వ్యాసకర్త వాదన తలకిందులవుతుంది.

1950లో హక్కుల ఒడంబడికల ముసాయిదాపై చర్చ వచ్చినప్పుడు బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం ఒక మినహాయింపు కోరాయి. తాము సంతకం చేసినంత మాత్రాన ఒడంబడిక తమ వలసలకు దానంతటదే వర్తించకూడదన్నాయి. అక్కడి జనం వేరే నాగరికతా దశలో ఉన్నారు, వారి ఆచారాలు వేరు, ఈ హక్కులు వారికి ఇప్పుడే ఎలా కుదురుతాయన్నది వారి తర్కం. 'సంస్కృతులు వేరు కాబట్టి హక్కులూ వేరు' అన్న వాదనను ఆ సభలో వినిపించినవారు వలసప్రభువులు. హక్కులు అందరివీ అని ఎదురు తిరిగినవారు ఆసియా, అరబ్బు దేశాల ప్రతినిధులు. ఆ మినహాయింపు సాగలేదు. సాపేక్షవాదం ఎప్పుడూ బలహీనుడి డాలే అనుకునేవారు ఆ చర్చలను ఒకసారి తిరగేయాలని మనవి.

దక్షిణాఫ్రికా సంగతి తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసినది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాల్ చెరకు తోటలకు కూలి ఒప్పందాల మీద వెళ్లినవారిలో విశాఖ, గోదావరి ప్రాంతాల తెలుగువారు వేలమంది. ఒప్పందం తీరాక కూడా అక్కడే ఉండదలచుకున్నవారి మీద వేసిన మూడు పౌన్ల తలపన్ను రద్దు కావడానికి 1913 నాటి సమ్మె, 1914 నాటి చట్టం అవసరమయ్యాయి. 1946లో అక్కడి ప్రభుత్వం భారతీయులు భూమి కొనడం మీద కొత్త ఆంక్షలు పెట్టినప్పుడు, ఇంకా స్వతంత్రం కూడా రాని మన దేశం తరఫున విజయలక్ష్మీ పండిత్ ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో ఆ ఫిర్యాదును లేవనెత్తారు. అది తమ ఇంటి వ్యవహారం, ఇతరులకు అడిగే అధికారం లేదన్నది దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్స్ జవాబు. సమితి నిబంధనావళి పీఠికలో మానవ హక్కుల ప్రస్తావన తెచ్చిన పెద్దమనిషి ఆయనే కావడం చరిత్రలోని వెటకారం. సభ మూడింట రెండు వంతుల మెజారిటీతో మన పక్షం వహించింది. తర్వాత వచ్చిన వర్ణవివక్ష ప్రభుత్వం ఏ భాషలో మాట్లాడిందో గమనించండి: ప్రతి జాతికీ దాని సంస్కృతి, ఆ సంస్కృతి ప్రకారం వేరుగా ఎదిగే అవకాశం! నల్లపిల్లలకు కూలి పనులకు సరిపడేంత చదువే చెప్పించిన 1953 నాటి బంటూ విద్యా చట్టం వెనకనున్న వెర్నర్ ఐసెలెన్ మానవశాస్త్రం చదువుకున్న ఆచార్యుడే.

ఇంత జరిగాక, 2001లో జాతివివక్షపై ప్రపంచ మహాసభ జరిగింది ఎక్కడనుకున్నారు? అదే నేటాల్‌లో, డర్బన్ నగరంలో. కుల వివక్షను ఆ సభ పత్రాల్లో చేర్చాలని ఆంధ్ర ప్రాంతం నుంచి కూడా వెళ్లిన దళిత కార్యకర్తలు పట్టుబట్టారు. దళితులను ఊచకోత కోసిన కారంచేడు, చుండూరు ఘటనలు గడిచిన తర్వాత వెళ్లినవారు వారు. కులం జాతి కాదనీ, దాన్ని సరిదిద్దుకోవడానికి మాకు రాజ్యాంగమూ చట్టాలూ ఉన్నాయనీ, అది అంతర్జాతీయ వేదికల మీద తేల్చే విషయం కాదనీ మన ప్రభుత్వ ప్రతినిధులు అడ్డుపడ్డారు. కులం జాతి అవునా కాదా అన్నది పండితులు తేల్చుకోవచ్చు. 1946లో స్మట్స్‌కు మనం ఒప్పుకోని జవాబునే 55 ఏళ్ల తర్వాత ఆయన గడ్డ మీద మనమే చెప్పడం మాత్రం నాకు మింగుడుపడలేదు. పుట్టుకను బట్టి జరిగే వివక్ష కూడా జాతివివక్ష నిర్మూలన ఒడంబడిక కిందికే వస్తుందని, కులాన్ని పేరు పెట్టి మరీ, ఆ ఒడంబడిక అమలును చూసే సమితి సంఘం మరుసటి ఏడాదే స్పష్టం చేసింది.

'ఆసియా విలువలు' అన్న మాటనూ ఇక్కడే చూడాలి. 1993 వసంతంలో ఆసియా ప్రభుత్వాలు బ్యాంకాక్‌లో సమావేశమై, హక్కులను పరిశీలించేటప్పుడు దేశాల, ప్రాంతాల ప్రత్యేకతలను గమనించాలని ప్రకటించాయి. వ్యాసకర్త దాన్ని ఆసియా గొంతుగా పేర్కొన్నారు. అదే ఊళ్లో, కొద్ది రోజుల ముందు, ఆసియా దేశాల నుంచే వచ్చిన వందకు పైగా స్వచ్ఛంద సంస్థలు మరో ప్రకటన చేశాయి. స్త్రీల హక్కులతో సహా అందరూ అంగీకరించిన హక్కులను కించపరిచే సాంస్కృతిక ఆచారాలను సహించరాదని అందులో ఉంది. రెండూ ఆసియా గొంతులే. ఒకటి మంత్రులది, రెండోది ఆ మంత్రుల పాలనలో జైళ్లూ లాఠీలూ చూసినవారిది. ఏది అసలైన ఆసియా అని నిర్ణయించే అధికారం మొదటివారికే ఎందుకుండాలి? అఫ్ఘానిస్తాన్‌లో 2021 నుంచి ఆడపిల్లలకు ఉన్నత పాఠశాలలు మూసేసి, మరుసటి ఏడాది విశ్వవిద్యాలయాలు కూడా మూసినప్పుడు, అది షరియాకే విరుద్ధమని కైరోలోని అల్ అజ్హర్ ప్రధాన ఇమామ్ అన్నారు. సంస్కృతులు మనం బయట నుంచి చూసినంత ఏకశిలలు కావు, లోపల నిత్యం తగాదా నడుస్తూనే ఉంటుంది.

మన ఇంటికే వద్దాం. కన్యాశుల్కం కూడా ఒకప్పుడు మన సంస్కృతే. విజయనగరం మహారాజు ఆనందగజపతి చేయించిన లెక్కను గురజాడ తన నాటకం తొలి ముద్రణ పీఠికలో ఎత్తి రాశారు. విశాఖ జిల్లా బ్రాహ్మణుల్లో మూడేళ్లలో జరిగినవిగా నమోదైన శుల్క వివాహాలు 1,034. వాటిలో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల మనిషికి 350 నుంచి 400 రూపాయలు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి తల్లిదండ్రులు వెనకాడినందువల్ల ఈ లెక్క కూడా పూర్తి కాదని ఆయనే అన్నారు. సాపేక్షవాది ఆ రోజుల్లో విజయనగరం వచ్చి, ఆ సంస్కృతి విలువలేమిటో చెప్పమని ఎవరినడిగి ఉండేవాడు? శుల్కం పుచ్చుకున్న తండ్రినా, ఇచ్చిన ముసలి వరుణ్ణా, మంత్రం చెప్పిన పురోహితుణ్ణా? ఏడాది పిల్లను అడిగేవాడు కాదు కదా. ఆ పిల్ల తరఫున మాట్లాడిన గురజాడా వీరేశలింగమూ ఆ సంస్కృతిలో పుట్టినవారే, ఆ శాస్త్రాలు చదివినవారే. ఎనిమిదేళ్ల వయసులో తనకు చేసిన పెళ్లిని, ఊహ తెలిశాక కాదనగలిగిన రాజమండ్రి పిల్ల దుర్గాబాయి తర్వాత రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. ఆ కాదనడం ఆమె ఏ పాశ్చాత్య గ్రంథంలోంచి నేర్చుకుని ఉంటారు? ఆ కథ ముగిసిందనుకోవడానికీ వీల్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3 శాతమే.

నేను ఉద్యోగ జీవితమంతా పాత మహబూబ్‌నగర్ జిల్లాలో బడిపంతులుగా పనిచేశాను. కాబట్టి జోగిని ఆచారం గురించి కొంచెం వివరంగా రాస్తాను. పాత మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్, రంగారెడ్డి జిల్లాల్లో జోగిని అనీ, కర్నూలు, అనంతపురం వైపు బసివి అనీ, చిత్తూరులో మాతమ్మ అనీ పిలిచే ఈ ఆచారంలో, ఇంట్లో జబ్బు తగ్గాలనో, తలలో జడలు కట్టాయనో, మగపిల్లలు లేరనో ఒక ఆడపిల్లను ఎల్లమ్మ వంటి గ్రామదేవత పేరిట విడిచిపెడతారు. మెడలో తాళి పడుతుంది, భర్త ఉండడు. పిల్ల ఈడేరాక ఊళ్లో మగవారికి, ముఖ్యంగా భూమీ పలుకుబడీ ఉన్నవారికి, అందుబాటులో ఉండాలి. జాతరలో ఆడాలి, శవయాత్ర ముందు ఆడాలి. ఇది మా భక్తి, మా నమ్మకం, పట్నం వారికేం తెలుసు అని వాదించే పెద్దలను నేను చాలామందిని చూశాను. వారికి నేను వేసే ప్రశ్న ఒక్కటే: ఈ భక్తి అందరిదీ అయినప్పుడు ఊళ్లో పెద్ద ఇంటి ఆడపిల్లను ఒక్కరినైనా ఎల్లమ్మకు విడిచారా? విడిచిన పిల్లలు దాదాపు అందరూ మాల మాదిగ వాడలవారే ఎందుకయ్యారు?

జూన్ నెలలో బడి చేరికలప్పుడు దరఖాస్తులో తండ్రి పేరు గడి దగ్గర కలం ఆగేది. పిల్లవాణ్ణి చేయి పట్టుకుని వచ్చిన తల్లి తల వంచుకుని, "దేవుని పేరే రాయిండ్రి సారూ" అనేది. ఎవరి పేరు రాయాలో ఊరందరికీ తెలుసు, ఆ పెద్దమనిషి ఇల్లు బడికి కనిపించేంత దూరంలోనే ఉండేది. ఆ గడిలో ఏదో ఒకటి నింపి పిల్లవాణ్ణి తరగతిలో కూర్చోబెట్టడం మాకు అలవాటయింది గానీ, తర్వాత కులధ్రువీకరణకూ స్కాలర్‌షిప్పుకూ ఆ ఖాళీ వాణ్ణి వెంటాడేది. జాతర నాడు ఊరి సంప్రదాయం గురించి మైకులో మాట్లాడేదీ ఆ పెద్దమనిషి కుటుంబమే. సంస్కృతిని దాని లోపలివారి కళ్లతో చూడాలని మీ వ్యాసకర్త అంటున్నారు కదా, చూద్దాం. లోపలివారిలో ఆ తల్లి కూడా ఉంది. ఆమె కళ్లతో చూస్తే ఆ ఆచారం ఎలా కనబడుతుందో తెలుసుకోవడానికి పాశ్చాత్య తత్వశాస్త్రం అక్కర్లేదు.

ఎల్లమ్మ కొలుపునే తప్పుపడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. బైండ్లవారు జమిడిక వాయిస్తూ రాత్రంతా చెప్పే ఎల్లమ్మ కథ గొప్ప సాహిత్యమని నా నమ్మకం. బోనమెత్తే ఆడవాళ్లు తమ ఇష్టంతో ఎత్తుతారు, వద్దనుకున్న ఏడు ఎత్తరు, వారినెవరూ వెలివేయరు. కొలుపుకూ జోగినిగా విడవడానికీ ఉన్న తేడా అక్కడుంది. రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛను ఇస్తూనే దాన్ని ఇతర ప్రాథమిక హక్కులకు లోబరచడంలో ఉన్న వివేకమూ అదే. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దేవదాసీల నిషేధ చట్టం విడవడాన్ని నేరం చేసింది, కొలుపును ముట్టుకోలేదు.

అయితే ఇదే ప్రశ్నను మన సంస్కర్తలకూ వేయాలి, లేకపోతే అది న్యాయం కాదు. కోస్తా జిల్లాల్లో దేవదాసీలైన కళావంతుల స్త్రీల విషయంలో జరిగిన సంస్కరణ వేరే రకం. వారికి చదువూ సంగీతమూ నృత్యమూ మాన్యాలూ ఉండేవి. ముత్తులక్ష్మీ రెడ్డి కృషి, ఆ కులంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకమ్మ ప్రచారం గొప్పవే, దేవదాసీ ఆచారాన్ని నిషేధించిన 1947 మద్రాసు చట్టం అవసరమైనదే. కానీ ఆ క్రమంలో ఎంతోమంది స్త్రీలు తమ వాదన వినమని విజ్ఞప్తులు పెట్టుకుంటే విన్నవారు తక్కువ. వారి విద్య పెద్దకులాల పిల్లల అరంగేట్రాలకు వెళ్లింది, వారికి మిగిలింది చెడ్డపేరు. హక్కుల పేరిట మాట్లాడేవారు కూడా ఎవరి కోసం మాట్లాడుతున్నారో వారిని అడగకపోతే, సంస్కృతి పేరిట మాట్లాడే పెద్దలకన్నా గొప్పేమీ కారు.

సాపేక్షవాదుల హెచ్చరిక నిజంగా పనికొచ్చే చోటు ఇదే. మార్పు రావాలా వద్దా అన్నచోట వారి మాట చెల్లదు, ఎలా రావాలన్నచోట చెవిన పెట్టాల్సిందే. కెన్యాలో ఆడపిల్లల జననాంగాల కోతను 1956లో మేరు ప్రాంతంలో బ్రిటిష్ పాలన కింద నిషేధిస్తే, ఆ నిషేధాన్ని ధిక్కరిస్తూ ఆడపిల్లలు తమకు తామే కోసుకున్నారు. తెల్లదొరల మాట వినకపోవడమే ఆత్మగౌరవమైపోయింది. అదే ఆచారాన్ని సెనెగల్‌లో మాలికుండా బంబారా అనే ఊరి స్త్రీలు 1997 జూలై 31న తమంతట తాము, ఊరందరి ముందు, మానేస్తున్నామని ప్రకటించారు. అంతకుముందు వారు ఒక స్వచ్ఛంద సంస్థ తరగతుల్లో ఆరోగ్యం, హక్కుల గురించి తమ సొంత భాషలో చర్చించుకున్నారు. పెళ్లి సంబంధాలు కలిసే పక్క ఊళ్లు కూడా మానకపోతే తమ ఆడపిల్లలకు పెళ్లిళ్లు కావని గ్రహించి ఆ ఊళ్లనూ కలుపుకున్నారు; 1999లో దేశమంతటికీ చట్టం వచ్చింది. మన దగ్గరా నిజామాబాద్ జిల్లా వర్ని ప్రాంతంలో సంఘ సేవకురాలు హేమలతా లవణం చేసిన పని ఇలాంటిదే. ఆమె ముందు జోగినులతో కూర్చుంది, తర్వాతే చట్టం గురించి మాట్లాడింది. పోలీసు కేసుతో ఒక పిల్లను విడిపించవచ్చు; ఆ పిల్లకు భూమో బతుకుతెరువో లేకపోతే ఊరు ఆమెను మళ్లీ అక్కడికే తోస్తుంది.

ఇంకో మాట. సార్వత్రికత అందరికీ వర్తిస్తేనే దానికి ఆ పేరు. ముఖాన్ని కప్పే ముసుగును ఫ్రాన్స్ 2010లో చట్టంతో నిషేధించింది, యూరప్ మానవ హక్కుల కోర్టు 2014లో దాన్ని సమర్థించింది. ముసుగు వేసుకోక తప్పని స్త్రీ విషయంలో, ఆమెకు కాదనే వీలుందా అని నేనడిగే ప్రశ్నే, తీయక తప్పని స్త్రీకీ వర్తిస్తుంది. ఆ తీర్పు నాకు సరైనదనిపించలేదు. బాలల హక్కుల ఒడంబడికనూ స్త్రీల వివక్ష నిర్మూలన ఒడంబడికనూ అమెరికా ఇంతవరకు ధ్రువీకరించనే లేదు. వారు ఇతరులకు హక్కుల పాఠం చెప్పినప్పుడు నవ్వుకునే అధికారం మనకుంది. ఆ నవ్వుతో మన బాకీ మాత్రం తీరదు.

ఆ బాకీ ఏమిటో కాగితం మీదే ఉంది. 1993 జూన్‌లో వియన్నాలో 171 దేశాలు సమావేశమై, జాతీయ, ప్రాంతీయ ప్రత్యేకతలను గమనంలో ఉంచుకోవలసిందేననీ, అయినా ఏ రాజకీయ, సాంస్కృతిక వ్యవస్థ ఉన్నా సరే, హక్కులన్నింటినీ కాపాడటం ప్రభుత్వాల విధి అనీ అంగీకరించాయి. మన దేశమూ అందులో ఉంది. రెండు వారాల తర్వాత, జూలై 9న, మన దేశం స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒడంబడికను ధ్రువీకరించింది. ఆడవారిని తక్కువ చేసే ఆచారాలను మార్చాలని చెప్పే 5వ అధికరణం మొదటి భాగానికీ, పెళ్లిలో సమానత్వం గురించిన 16వ అధికరణం మొదటి భాగానికీ మాత్రం ఒక మెలిక పెట్టింది: ఏ సముదాయపు సొంత వ్యవహారాల్లోనూ, ఆ సముదాయం తానుగా ముందుకొచ్చి సమ్మతిస్తే తప్ప, జోక్యం చేసుకోబోమన్న విధానానికి లోబడే వీటిని అమలు చేస్తామని. సముదాయం సమ్మతి ఎవరు చెబుతారు? కులపంచాయతీలో కూర్చునేవారా, మతపెద్దలా, జాతర మైకు పట్టుకునే కుటుంబమా? ఆ సముదాయంలోని ఆడపిల్ల సమ్మతి గురించి ఆ వాక్యంలో ఒక్క ముక్క లేదు.

ఆ మెలికను ఉపసంహరించుకోమని మన రెండు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులు, ఏ పార్టీ వారైనా, ఇంతవరకు గట్టిగా అడిగినట్టు నా దృష్టికి రాలేదు. ఉపసంహరణకు కొత్త చట్టం అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శికి ఒక లేఖ రాస్తే సరిపోతుంది. మీ పత్రిక ఈ విషయంపై మన ఎంపీల అభిప్రాయాలు అడిగి ప్రచురించాలనీ, వచ్చే జాతరల కాలంలో జోగిని ఆచారం పాతుకున్న మండలాలకు విలేఖరులను పంపి, పెద్దలతో పాటు ఆ స్త్రీలతోనూ మాట్లాడించాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నారాయణపేట జిల్లా